చప్పటి మట్టి

తెరమీద రైతు వంగి పిడికెడు మట్టి తీశాడు. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఉమ్మలేదు, మింగేశాడు. తర్వాత కెమెరా వైపు తిరిగి ఏదో చెప్పాడు.

ఆ చెప్పింది సముద్రపు గాలి హోరులో కొట్టుకుపోయింది. అందుకే 1997 వేసవిలో, ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లో, జేవియర్ అతనికి డబ్బింగ్ చెబుతున్నాడు. ఉప్పెక్కిన చేలను ఎలా బాగుచేసుకోవాలో తీరప్రాంతపు రైతులకు ఊరూరా చూపించబోయే చిన్న సినిమా అది.

కాగితంలో ఉన్నది చదివాడు. "జిప్సం చల్లాను, జీలుగ పైరు కలియదున్నాను. ఇప్పుడు మట్టి చప్పగా ఉంది. మీరూ ఇలాగే చెయ్యండి."

"లిప్పు కూర్చుంటలేదన్నా," అన్నాడు అద్దం వెనక నుంచి సౌండ్ ఇంజనీర్ యాదగిరి. "ఆయన నోరు మూసినకాడ నీ మాట నడుస్తున్నది. జర మల్ల జూడు."

నాలుగోసారికి జేవియర్ కాగితం పక్కన పెట్టి ఆ పెదాలనే చూశాడు. తనదీ సముద్రం ఒడ్డు ఊరే, ఆ మాట పెదాల మీదే పోల్చుకోగలడు. ఐదోసారి మైకు దగ్గరికి వంగి నెమ్మదిగా చెప్పాడు.

"గిప్పుడు అచ్చంగ పడ్డది. ఏం మార్చినవ్?"

"నేనేం మార్చలేదు. ఆయన అన్నదే అన్నాను."

యాదగిరి వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. రైతు మట్టి మింగి ఇటు తిరిగాడు.

"ఇది చేను కాదండీ. చేను ఆ సముద్రం నీళ్ల కింద ఉంది. మీరు చప్పటి మట్టి చూపించమన్నారు. మావాళ్ల సమాధుల మిట్ట ఒక్కటే మిగిలిందండీ."