రెండు పెసరగింజలు

మూడో రోజు పొద్దున గిడ్డమ్మ రాలేదు.

గిడ్డమ్మ అంటే ఒక కంగారూ.

షాహనాకు పెళ్లయి ఇరవై రోజులైంది. రెహమాన్ ఉద్యోగం ఆస్ట్రేలియాలో. సెలవు పెట్టి, పడక, పొయ్యి, సింకు అన్నీ ఉన్న వ్యాను ఒకటి అద్దెకు తీసుకుని, కొత్త పెళ్లాన్ని ఎర్రమట్టి ప్రాంతాలు చూపించడానికి తీసుకొచ్చాడు.

ఆ మట్టి, ఆ ముళ్లపొదలు చూసి షాహనా పడీపడీ నవ్వింది.

"ఇది మన కర్నూలు దావే గదప్పా. దీనికి ఇమానం ఎందుకెక్కిచ్చినావు?"

రెండు రోజులుగా వాళ్లు దిగి ఉన్న, వ్యాన్లు నిలుపుకునే మైదానంలో ఒక కుళాయి ఉంది. దాని చుట్టూ మొలిచిన పచ్చిక కోసం చెవి చిరిగిన కంగారూ ఒకటి రెండు పూటలా వచ్చేది. షాహనా వ్యాను మెట్టు మీద కూర్చుని, టీ తాగుతూ దానికి పెళ్లి ముచ్చట్లు చెప్పేది. ఎర్రగుంట్లలో పక్కింటి గిడ్డమ్మవ్వ నడుముకు వక్కాకు తిత్తి కట్టుకున్నట్టే దీనికీ పొట్ట కింద సంచి. అందుకే ఆ పేరు పెట్టింది.

తెల్లవారుజామున పెద్ద లారీ ఏదో పోయిన చప్పుడు నిద్రలోనే విన్నది. లేచి చూస్తే పచ్చిక దగ్గర ఎవరూ లేరు.

చేతిలో టీ గ్లాసుతోనే రోడ్డు దాకా వెళ్లింది.

రోడ్డు అంచున గిడ్డమ్మ పడి ఉంది. పక్కనే ఒక పాత జీపు. ముందున్న ఇనుప కమ్మీలు వంగిపోయి ఉన్నాయి. ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని, చిన్న కత్తెరతో దాని పొట్ట దగ్గర ఏదో కత్తిరించి గుడ్డసంచిలో వేసుకుంటున్నాడు.

షాహనా కేక పెట్టింది. ఆయన తలెత్తలేదు.

చేయి పట్టుకోబోతే మోచేత్తో తోశాడు. టీ ఒలికిపోయింది. నోరు మూసుకోమన్నట్టు పెదాల మీద వేలు పెట్టాడు. ఆయన గొణిగిన ఇంగ్లీషులో ఒక్క ముక్కా ఆమెకు అర్థం కాలేదు. తర్వాత రంగు డబ్బా తీసి, గిడ్డమ్మ ఒంటి మీద ఎర్రగా ఇంటూ గుర్తు కొట్టాడు.

వేటగాడు తన వాటాకు గుర్తు పెట్టుకున్నట్టు.

వ్యానుకు తిరిగొచ్చేటప్పటికి షాహనా కళ్లలో నీళ్లు లేవు. రెహమాన్ పోలీసులకు ఫోన్ చేద్దామన్నాడు. ఇక్కడ సిగ్నల్ లేదని మళ్లీ తనే గుర్తు చేసుకున్నాడు.

"పోలీసులెందుకు? నేను ఎవరి కూతురో మర్చిపోయినావా?"

ఎర్రగుంట్లలో సిమెంటు లారీలకు పంక్చర్లు వేసే నూర్ బాషా కూతురు ఆమె. డిగ్రీ చదివింది, నిజమే. కానీ పెరిగింది టైర్ల మధ్య.

ముసలాయన జీపును కుళాయి దగ్గర ఆపి, చేతులు కడుక్కోవడానికి దిగాడు. షాహనా వంట డబ్బాలోంచి రెండు పెసరగింజలు తీసుకుని వెళ్లింది. తమ వైపున్న టైరు వాల్వు మూత విప్పి, అందులో గింజ వేసి, మళ్లీ బిగించింది. మూతలోని గింజ వాల్వు సూదిని నొక్కి పట్టుకుంటుంది. చప్పుడు లేకుండా గాలి పోతూనే ఉంటుంది. పొగరు చూపిన లారీ డ్రైవర్లకు నూర్ బాషా వేసే శిక్ష అది.

రెండో టైరుకూ అదే పని చేసి వచ్చింది.

"ఒకటి చాలదా?" అన్నాడు రెహమాన్.

"స్టెప్నీ ఒకటే గదా ఉండేది."

ముసలాయన సంచిని చొక్కా లోపల దాచుకుని, గుండీలు పెట్టుకుని, హడావిడిగా జీపెక్కి పోయాడు.

ఆ పొద్దు షాహనా ఉగ్గాని చేసింది. రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నది.

పది గంటలకు బయలుదేరారు. ముప్పై కిలోమీటర్లు పోయాక జీపు కనిపించింది, ఒక పక్కకు ఒరిగిపోయి. పొద నీడలో కూర్చున్న ముసలాయన రెండు చేతులతో చొక్కాను గుండెకు అదుముకుని ఉన్నాడు. వ్యానును చూసి లేచి చెయ్యెత్తాడు.

రెహమాన్ కాలు బ్రేకు మీదికి పోయింది.

"గిడ్డమ్మ అడ్డమొస్తే ఆయప్ప బ్రేకు తొక్కినాడా? నువ్వూ తొక్కొద్దు."

వ్యాను ఆగలేదు. ఎత్తిన ఆ చెయ్యి అద్దంలో చాలాసేపు దిగలేదు.

అరగంటైనా ఎదురుగా ఒక్క బండీ రాలేదు. ఎండ పెరుగుతోంది. రెహమాన్ నీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే పెట్టేశాడు. షాహనా అది చూసింది. ఇంకాసేపు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

"సరే, తిప్పు. గాలి నేనే కొడతా. ఆయప్పతో మాత్రం మాట్లాడను."

ముసలాయన అక్కడే ఉన్నాడు. సంచి ఇప్పుడు చొక్కాలో లేదు. ఒళ్లో ఉంది.

షాహనా ఆయన వంక చూడకుండా, వ్యానులో ఉన్న గాలిపంపు పట్టుకుని టైరు దగ్గర కూర్చుంది. మూత విప్పగానే పెసరగింజ జారి ఎర్రమట్టిలో పడింది.

ఆయన దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. సంచి మూతి విప్పి ఆమె చేతుల్లో పెట్టాడు.

లోపల కంగారూ పిల్ల. వెంట్రుకలు రాలేదు. కళ్లు తెరవలేదు. నోట్లో, కత్తెరతో కోసిన తల్లి చనుమొన ఇంకా అలాగే ఉంది. అరచేతిలో పట్టేంత ఉంది. కదలడం లేదు.

రెహమాన్ జీపుకు అటువైపు నిలబడి ఉన్నాడు. పొద్దున వాళ్లకు కనబడని తలుపు అది. దాని మీద ఇంగ్లీషులో రాసి ఉన్నదాన్ని ఆగి ఆగి ఆమెకు తెలుగులో చెప్పాడు.

"దారిలో చనిపోయిన కంగారూ మీద ఎర్ర గుర్తు కనబడితే దిగులు పడకండి, దాని బిడ్డ మా దగ్గర క్షేమంగా ఉంది."