డీ డ్రైవు

“సీ డ్రైవు మటుకు ఫార్మాట్ చెయ్యి అమ్మణీ. డీని తాకొద్దు. నా ఇన్నేండ్ల పనంతా దాంట్లోనే ఉండాది.”

ప్రభాకరన్ ఆ మాట షాపులో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు అన్నాడు. కృత్తిక తలెత్తలేదు. అతని ల్యాప్‌టాప్‌కి విండోస్ పెన్‌డ్రైవు గుచ్చింది.

“పీలమేడులో ఇంకెవరూ దొరకలేదా సార్?”

“నీ చెయ్యి అయితేనే నాకు నమ్మకం.”

ఒకప్పుడు ఇద్దరూ ఒకే పంపుల కంపెనీలో పనిచేశారు. ఇద్దరిదీ ఇంట్లో తెలుగే అయినా, ఆఫీసులో అతను ఆమెతో తమిళం తప్ప ఒక్కనాడూ తెలుగు మాట్లాడలేదు. ఇవాళ అమ్మణీ అంటూ ఇంటి మాట ఎత్తుకున్నాడు.

తక్కువ కరెంటుతో ఎక్కువ నీళ్లు తోడే పంపును గీసింది కృత్తిక. ఒకసారి చూసి చెప్పమని డ్రాయింగులు అతనికి పంపింది. కొన్నాళ్లకు ఆ పంపు ప్రభాకరన్ పేరుతో బయటికి వచ్చింది. సన్మానాలు అతనికి జరిగాయి. ఆమె ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోలేదు. పైగా దొంగ అన్న ముద్ర ఆమె మీదే పడింది. ఆ తర్వాత ఊళ్లో ఏ కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇవ్వలేదు. చివరికి నందకుమార్‌తో కలిసి ఈ కంప్యూటర్ షాపు పెట్టుకుంది.

తెరమీద డిస్కు భాగాలు వరుసగా కనిపించాయి. సీ చిన్నది. డీ పెద్దది. సీని ఎంచుకుని ఫార్మాట్ కొడితే చాలు, డీ చెక్కుచెదరదు.

“డీకి వేరే కాపీ ఉండాదా సార్?”

“ఒక్కటీ లేదు కణ్ణూ. అందుకే ఇట్లా బతిమాలేది. నేను టీ తాగి వస్తా.”

అతను అటు వెళ్లగానే ఆమె బాణం గుర్తును డీ మీదికి జరిపింది. పక్కనుంచి చూస్తున్న నందకుమార్ గొంతు తగ్గించాడు.

“వద్దు కృత్తికా. షాపు పేరు పోతాది.”

“నా పేరు పోయినప్పుడు ఎవరు అడిగిరి?”

డీని డిలీట్ చేసింది. సీని కూడా డిలీట్ చేసింది. అంతా కలిపి ఒకే డ్రైవుగా మార్చింది. పైపైన కాదు, ఎవరూ వెనక్కి తీసుకురాలేనట్టు పూర్తిగా తుడిచింది. ఆ తర్వాతే విండోస్ ఎక్కించింది.

ప్రభాకరన్ వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు.

“డీ ఏది అమ్మణీ?”

“లేదు సార్. నేనే తుడిచేసినాను. తెలిసే చేసినాను.”

షాపులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగి చూశారు.

“తిరిగి రాదా?”

“ఎవరి వల్లా కాదు. నా పంపును మీ పేరుకు మార్చుకున్నప్పుడు నాకెట్లా ఉండెనో, ఇప్పుడు తెలుసుకోండి.”

అతను ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని, తల దించుకుని బయటికి నడిచాడు. చాలా కాలానికి కృత్తిక నిండుగా ఊపిరి పీల్చుకుంది.

కారెక్కి అద్దాలు పైకెత్తుకున్నాక ప్రభాకరన్ వకీలుకు ఫోన్ చేసి, నవ్వు ఆపుకోలేక చెప్పాడు: “ఆ పాత పంపు సంగతి తిరగదోడి రేపు పెట్టిన కంపెనీ విచారణలో నన్ను అప్పగించమన్న ల్యాప్‌టాప్ ఇదే సార్, నేను దొంగనని చూపించే ఆ పిల్ల డ్రాయింగులన్నీ దీంట్లోనే ఉండె, తాకొద్దని నేను బతిమాలినా వినకుండా అందరి ముందరా ఆ పిల్లే తుడిచేసింది!”