ఈశాన్యం గది

చంద్రయ్య గది కూల్చిన చోట ఇప్పుడు ఫౌంటెన్ కడుతున్నారు.

రోడ్డుకు ఇవతల రాళ్ల కుప్ప మీద కూర్చుని చంద్రయ్య అదే చూస్తున్నాడు. రాయదుర్గం గుట్టల్లో ఆ పన్నెండంతస్తుల సిమెంటు మేడ లేచిన నాటి నుంచీ అతడే కాపలా. ఎండ ఆపడానికి నిలువునా సిమెంటు రెక్కలు, నడుమ గుండ్రంగా తిరుగుతూ ఎక్కే మెట్లు. పక్కన హైటెక్ సిటీ రాగానే వెంకటరమణ ఆ మేడ కొన్నాడు, హోటల్ చేస్తానని. వాస్తు పిచ్చి మనిషి.

"ఈశాన్యంలో బరువు ఉండగూడదంట. సాయంత్రానికి గది ఖాళీ చేసేయప్పా" అన్నాడు.

"సారూ, నా పెండ్లాం జరంతోని లేస్తలేదు. జర రెండొద్దులు ఆగుండ్రి."

ఆగలేదు. వానలో మంచంతో సహా బయట పెట్టించాడు. ఎల్లమ్మ దవాఖాన చేరకముందే పోయింది.

ఆ హోటల్లో పొయ్యి వెలగకూడదు. చంద్రయ్యకు ఇక వేరే కోరిక లేదు.

వెలగడమూ లేదు. గది కూల్చినా పనులు కలిసిరాలేదని వెంకటరమణ దిగులు పడుతుంటే, రాజమండ్రి సిద్ధాంతినంటూ ఒకాయన వచ్చాడు. గుబురు గడ్డం, పట్టుపంచె, మెత్తటి మాట.

"దక్షిణ ద్వారం యముడి దిక్కండి. మూయించేయండి."

మూయించాడు. తర్వాత గుండ్రటి మెట్లు పగలగొట్టించాడు. పైనున్న నీళ్ల ట్యాంకు ఓ మూల నుంచి ఇంకో మూలకు మార్పించాడు. ప్రతిసారీ హోటల్ తెరిచే ముహూర్తం వెనక్కి పోయింది. వెంకటరమణ కడపలో పొలం అమ్మాడు, భార్య రత్నమ్మ నగలూ అమ్మాడు.

ఆ మెట్లు ఇన్నేళ్లూ తుడిచింది చంద్రయ్యే. అయినా సుత్తి దెబ్బ పడినప్పుడల్లా కళ్లు మూసుకుని పాట విన్నట్టు విన్నాడు.

ఈ రోజు సిద్ధాంతి కన్ను అతడి మీదే పడింది.

"ఎవరండీ ఆ ముసలాయన? కొత్త ద్వారానికి ఎదురుగా శనిలా కూర్చున్నాడు!"

వెంకటరమణ ఉరికొచ్చాడు. "నువ్వేనా? పెండ్లాన్ని మింగింది చాలక నా హోటల్ మీద పడినావా? లెయ్!"

చంద్రయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు.

"ఇంకా దోషం ఏమన్నా ఉందా సామీ?" వెనక వెంకటరమణ చేతులు జోడించాడు.

"ఉందండి. ఆలోచించి రేపు చెబుతాను."

ఆ సాయంత్రం చందానగర్‌లోని కిరాయి గదిలో చంద్రయ్య జొన్నరొట్టె విరుస్తుంటే, సిద్ధాంతి పట్టుపంచె విప్పి దండెం మీద పడేసి, ఎల్లమ్మ పటం ముందు చతికిలబడి, "బాపూ, రేపు ఏది కూలగొట్టమందాం?" అన్నాడు.