కిరీటం మీది తీగ

"కిరీటం బొమ్మ గీసింది నేను. తేదీ చూడండి, ఇతను పని మొదలెట్టక ముందుదే," అంటూ సినిమా కళాదర్శకుడు కాగితాన్ని మధ్యవర్తి ముందుకు తోశాడు.

ఆ కిరీటాన్ని చేసిన మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆ నమూనా ఎవరిదన్న ఈ తగువులో ఓడిపోతే అలాంటి కిరీటాన్ని తన చేతులతో తానే మళ్లీ చేయకూడదు.

"అయ్యా, బొమ్మలో ఎడమవైపు ఈ తీగ చూడండి. అచ్చులో ఆరకముందే నేను తొందరపడి ఊడదీస్తే కిరీటం అక్కడ పగిలింది. పగులు కప్పడానికి పెట్టిందే ఈ తీగ. పగలకముందు గీసిన బొమ్మలోకి ఇదెలా వచ్చిందో ఆయన్నే అడగండి."

కళాదర్శకుడు కాగితాన్ని వెనక్కి లాక్కోబోయాడు.

మధ్యవర్తి ముఖంలో నవ్వు మెదిలింది. "జనం మెచ్చుకున్నదీ ఆ తీగనేనయ్యా. అంత ఒడుపుగా ఎలా తిప్పావు?"

మేస్త్రి వెనక కూర్చున్న భార్య వైపు చూశాడు. కిరీటం పగిలిన రోజు తను తల పట్టుకుని కూలబడితే, తాడును జిగురులో ముంచి పగులు వెంట తిప్పింది ఆమే. నా పనిలో వేలు పెట్టకని కసిరాడు కూడా. అర్జీలో మాత్రం అంతా నేనే చేశానని రాయించాడు.

"నేను తిప్పలేదండీ. మా ఆవిడ తిప్పింది."

"అయితే నీ అర్జీ అబద్ధమేగా?" కళాదర్శకుడు అందుకున్నాడు.

"ఊరుకోండి, గెలిచేదాన్ని చెడగొట్టుకుంటారా?" వెనక నుంచి భార్య గొణిగింది.

మేస్త్రి లేచి తన కుర్చీని ఆమె వైపు తిప్పాడు.

"ఇలా వచ్చి కూర్చో. ఎలా తిప్పావో నాకూ తెలీదు. నువ్వే చెప్పాలి."