కమారో గొంతు

“యల్లా, కదులు ఈరన్నా, పోయి తాత బండి స్టార్ట్ చెయ్యి. ఇవాళ తేలిపోవాలి” అన్నాడు ఫహద్.

అరబ్బు కాఫీ ఖావా పోస్తున్న ఈరన్న కప్పు నిండినా చూసుకోలేదు. అనంతపురం నుంచి వచ్చి పన్నెండేళ్ళుగా ఈ దోహా ఇంట్లో డ్రైవరుగా ఉన్నాడు. ఏ బండైనా తోలుతాడు గానీ, ఆ ఒక్క బండి పేరెత్తితే ఈమధ్య గుండెల్లో రాయి పడుతోంది.

శుక్రవారం నమాజయ్యింది, భోజనాలయ్యాయి, మజ్లిస్ హాల్లో వాదన మొదలయ్యింది. అమెరికా కంపెనీ ఆపేసిన కమారో కారు మళ్ళీ వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. వస్తే కరెంటు బండిగానే రావాలంటాడు ఫహద్. పెట్రోలు తాగి గర్జించనిది కమారో ఎట్లా అవుతుందంటాడు అతని తండ్రి నాసర్.

“చప్పుడే కావాలంటే స్పీకరు పెడతారు. ఎవరికీ తేడా తెలీదు.”

“మా నాన్నకు తెలుస్తుంది.”

“అయితే పందెం. ఒకసారి స్పీకరు, ఒకసారి బండి. ఏది ఏదో తాతకు తెలియకపోతే రేపే ఆ పాత బండి బానెట్ తెరిపించి, ఇంజను పీకించి, కరెంటు మోటారు పెట్టిస్తా.”

“తెలిస్తే?”

“బండి జోలికే రాను.”

మూల దిండుకానుకుని కూర్చున్న బాబా నవ్వాడు. నాసర్‌కు తండ్రి, ఈ ఇంటికి పెద్ద. చూపు పోయి నాలుగేళ్ళయింది. పందెంలో ఉన్న ఆ అరవైతొమ్మిది నాటి కమారో ఆయనదే. రోజూ పొద్దున ఆరింటికి గ్యారేజీ ముందు కుర్చీ వేయించుకుంటాడు. ఈరన్న స్టార్ట్ చేస్తే పది నిమిషాలు ఆ చప్పుడు వింటాడు. ఆ తర్వాతే టీ. ఆ బండి మీద ఈరన్న తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదని ఆయన ఆజ్ఞ.

చెయ్యి వేసిన ఈరన్నే దాని కొంప ముంచాడు. మొన్న రంజానులో ఒక సాయంత్రం బండి స్టార్ట్ చేసి ఉంచి, ఇరుగుపొరుగుకు ఇఫ్తారు పళ్ళేలు ఇచ్చి రమ్మంటే పరుగెత్తాడు. ఆరిళ్ళు తిరిగొచ్చేసరికి రేడియేటరులో నీళ్ళింకిపోయి ఇంజను జామైపోయింది. మెకానిక్ మహబూబ్ రహస్యంగా వచ్చి చూసి, “ఇది ఇంక లేవదన్నా” అని చేతులెత్తేశాడు. ఎప్పుడో ఒక పొద్దున బామ్మర్దికి వినిపిద్దామని ఫోన్లో రికార్డు చేసుకున్న చప్పుడొకటి ఉంది. మర్నాటి నుంచీ అదే బ్రతుకు. సీటు కింద స్పీకరు, చేతిలో ఫోను. తేలు కుట్టిన దొంగలాగా కిక్కురుమనకుండా లాక్కొస్తున్నాడు.

ఖావా ఫ్లాస్కు పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే హనుమక్క అడిగింది, “ఏమప్పా, మొగం అట్లుందే?” అని. వంటమనిషి, వాళ్ళ జిల్లా మనిషే. ఈ ఇంట్లో ఆ గుట్టు తెలిసింది ఆమె ఒక్కతెకే.

“పందెం కట్నారక్కా. బాబా తప్పు చెప్తే రేపు బానెట్ తీస్తారు.”

“తీస్తే నీ కత అయిపాయ. పోయి నిజం చెప్పుకోరాదా?”

“టికెట్ చేతిలో పెట్టి ఊరికి తోలుతారు. అదన్నా పర్వాలేదు. ఆయప్పకు నీ బండి సచ్చిపోయిందని ఎట్ల చెప్పేది? ఆ సప్పుడు ఇనకుంటే టీ గూడా ముట్టడు.”

“ఆ పిల్లోడిదీ స్పీకరే, నీదీ స్పీకరే. ఇంగ ఏది అసలుదో దేవుడు గూడా చెప్పలేడు పో.”

బాబాను బయట కుర్చీలో కూర్చోబెట్టారు. గ్యారేజీలో ఫహద్ తన స్పీకరును బండి చక్రం పక్కన పెట్టి, షట్టరు సగం దించి వెళ్ళాడు. ముందు అది మోగింది. గోడలదిరిపోయాయి. కొత్త స్పీకరు, ఖరీదైంది. ఈరన్నదేమో సూక్ బజారులో బేరమాడి కొన్నది. అది ఆగాక ఈరన్న సీట్లో కూర్చుని, ఆంజనేయస్వామికి ఒక దండం పెట్టుకుని, ఫోను నొక్కాడు. బండి గొంతు లేచింది. మధ్యలో ఖళ్ళుఖళ్ళుమని బాబా దగ్గు వినబడింది. రోజూ ఉండేదే.

ఆపేసి బయటికొచ్చేసరికి అందరూ బాబా చుట్టూ చేరారు. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

“మొదటిది డబ్బా. రెండోది నా బండి. యాభై ఏళ్ళుగా వింటున్న గొంతు, నాకు తెలీదా?”

నాసర్ చప్పట్లు కొట్టాడు. ఫహద్ తల గోక్కుని, “ఓడిపోయాను తాతా” అని ఆయన నుదుటిని ముద్దు పెట్టుకున్నాడు. బతికిపోయానన్న సంతోషం ఈరన్నకు నిలవలేదు. చూపు లేని మనిషిని ఇంతమందిలో మోసం చేశానే అని సిగ్గుతో చచ్చిపోయాడు.

నాసర్ అతని భుజం తట్టాడు. “లోపల పొగకు బాగా దగ్గావు పాపం. స్పీకరుకైతే పొగ రాదుగా, ఆ దగ్గుతోనే ఫహద్ నోరు మూతబడింది.”

ఈరన్న బిత్తరపోయాడు. తను దగ్గలేదు.

బాబాను చెయ్యి పట్టుకుని గదికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టాడు. కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పులు విప్పుతుంటే ఇంక ఆగలేకపోయాడు.

“బాబా, నేనొక తప్పు చేశాను...”

“కునుకు తియ్యనీ ఈరన్నా. నీ తప్పులు తర్వాత విందాం. రేపు ఆరింటికి కుర్చీ వెయ్యడం మర్చిపోకు.”

ఈరన్న కళ్ళు తుడుచుకుని లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి బాబా మెల్లగా పిలిచాడు.

“అన్నట్టు, రేపటికల్లా అందులోంచి నా దగ్గు కత్తిరించెయ్. ఇవాళ కొద్దిలో మనిద్దరం దొరికిపోయేవాళ్ళం.”