మొదటి పార్టులో మల్లెవాసన

"సినిమాకి వాసన ఉంటాదా అక్కా? నువ్వు భలేదానివే!" అని సమీర్ పడీపడీ నవ్వాడు.

శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు తిరుపతి చేరేదాకా రోజూ ఇదే గొడవ.

'పెరట్లో ఎవరో' అనే దెయ్యం సినిమాకు మూడు పార్టులు, ఒక రీమేకు. సమీర్‌కు రెండో పార్టంటే ప్రాణం. భానుచందర్‌కు రీమేకులో గ్రాఫిక్సంటే పిచ్చి. లోహిత మాత్రం మొదటి పార్టులో దెయ్యాన్ని తప్ప మిగతావాటిని దెయ్యాల కింద లెక్కే వెయ్యదు.

"మూడో పార్టులో దెయ్యం పాట పాడతాది. భయపడాల్నా, చప్పట్లు కొట్టాల్నా?" అంది లోహిత.

"రీమేకుకేం తక్కువ?" అన్నాడు భానుచందర్.

"దాంట్లో దెయ్యం తాటిచెట్టంత ఉండాది. మొదటిదాంట్లో మామూలు ఆడమనిషప్పా. తల నిండా మల్లెపూలతో బావి గట్టెక్కతాది, అంతే. హాలంతా మల్లెల వాసన వచ్చింది. చిత్తూర్లో, మా నాయన ఒళ్లో కూర్చోని చూసినా."

ఈ మాటే ఫోన్లో దెయ్యం సినిమాల గ్రూపులో రాస్తే ఆమెను అందరూ ఆటపట్టించారు. "మా నాయుడుపేటలో పదిసార్లు చూసినా. వేరుశనక్కాయల వాసన తప్ప ఏమీ రాలే," అని ఒకాయన రాశాడు.

లోహితకు అప్పుడు ఆరేళ్లు. ఆ ఏడే నాయన పోయాడు. ఫోటో చూస్తే తప్ప ఆయన ముఖం గుర్తు రాదు. సొంతంగా గుర్తున్నవి రెండే, ఆ ఒడి, ఆ వాసన. వాసన అబద్ధమైతే ఒడి కూడా అబద్ధమేనేమో! ఏ దెయ్యానికీ జంకని మనిషికి అదొక్కటే భయం.

పాతికేళ్లయిందని మొదటి పార్టును మళ్లీ విడుదల చేశారు. చిత్తూర్లో అదే హాల్లో.

పందెం వేసుకున్నారు. వాసన రాకపోతే లోహిత గ్రూపులో 'నేను చెప్పింది అబద్ధం' అని రాయాలి.

ఆదివారం మ్యాట్నీకి ముగ్గురూ వెళ్లారు. లోహిత పక్క సీట్లో తెల్ల టోపీ పెట్టుకున్న ఓ ముసలాయన కూర్చున్నాడు.

"కూలర్లు యాడ పెట్టినారమ్మా?" అని అడిగాడు.

"కూలర్లా? ఇప్పుడు ఏసీ హాలు గదా తాతా."

ముసలాయన ముఖం చిన్నబోయింది. గోడల వంకా పైకప్పు వంకా చూడసాగాడు.

"ఎన్ని పార్టులు చూసినావు తాతా?" అని భానుచందర్ కదిపాడు.

"ఇదొక్కటే నాయనా. నాలుగొందల సార్లు."

"నిన్ను మించినోడు దొరికినాడక్కా," అని సమీర్ లోహిత చెవిలో గొణిగాడు.

సినిమా మొదలైంది.

"ఇప్పుడు కుక్క మొరగతాది," అన్నాడు ముసలాయన. మొరిగింది.

"ఇప్పుడు దీపం ఆరిపోతాది." ఆరిపోయింది.

లోహిత పళ్లు నూరుకుంది. దెయ్యం సినిమాలో జరగబోయేది ముందే చెప్పేవాడికంటే దెయ్యమే నయం.

"ఇంక రెండు నిమిషాలే," అంటూ ఆయన లేచాడు. అందరి మోకాళ్లూ దాటుకుంటూ పోయి గోడవారన నిలబడ్డాడు. ఫోన్లో టార్చి వేశాడు. రెండో చేతి పిడికిట్లో ఏదో బిగించి పైకెత్తి, ఏసీ గాలి ఎక్కడ తగులుతుందా అని వెతుకుతున్నాడు.

తెర మీద బావి కనిపించింది. టార్చి వెలుగు సరిగ్గా దాని మీదే పడింది.

"కూర్చో తాతా!" అని హాలంతా అరిచింది.

లోహితకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడింది. "ఈ సీను కోసం పాతికేండ్లుగా కాచుకోనుండా! ఎవరన్నా ఈయన్ని బయటికి పంపండప్పా!"

హాలు మనిషి ఒకడు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

ముసలాయన టార్చి ఆర్పేశాడు. "కోప్పడొద్దమ్మా. నువ్వు బాగా చూడు," అని బయటికి నడిచాడు.

తల నిండా మల్లెపూలతో దెయ్యం బావి గట్టెక్కింది.

లోహిత కళ్లు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చింది. పాప్‌కార్న్ వాసన వచ్చింది. మళ్లీ పీల్చింది. మళ్లీ అదే.

ఆట వదిలాక ఎవరూ నవ్వలేదు.

"పందెం గిందెం వద్దులే అక్కా. ఊరికే అన్నా," అన్నాడు సమీర్.

"మాటంటే మాటే," అని ఆమె గేటు దగ్గరే నిలబడి 'నేను చెప్పింది అబద్ధం' అని రాసి పంపింది. పంపాక అక్షరాలు మసకబారాయి. ఫోను బ్యాగులో పడేసి ముఖం తుడుచుకుంది.

అంతలో గేటు మునస్వామి రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో వచ్చాడు. ఆ హాల్లో టిక్కెట్లు చించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లయిన మనిషి.

"బడే సాహెబ్ యాడమ్మా? నీ పక్క సీట్లోనే గదా కూర్చోబెట్టినా."

"తెరకు అడ్డమొస్తా ఉంటే బయటికి పంపించినాం."

"పంపించినారా? దీనికోసమని పలమనేరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినాడే!"

గ్లాసులు గట్టు మీద పెట్టి ఫోన్ చేశాడు. రెండు మాటలు విని పెట్టేశాడు.

"బంగారుపాళెం దాటేసినాడంట. ఆ పాప సినిమా బాగా చూసిందా అని అడగతా ఉన్నాడు."

"ఎవరాయన?" అంది లోహిత.

"అప్పట్లో మా హాలు ముందర అత్తరు అమ్మేవాడమ్మా. ఈ సినిమా ఆడిన నూరు రోజులూ, రోజుకు నాలుగాటలూ, దెయ్యం బావి గట్టెక్కే టయానికి కూలరు నీళ్లల్లో మల్లె అత్తరు పోసింది ఆయనే."