సెల్లార్‌లో దోస్తు

"సాయంత్రానికి రూము ఖాళీ చెయ్యి," అన్నాడు బిల్డింగు ఓనరు అచ్యుతరావు, కారు దిగకుండానే.

వాచ్‌మన్ ఓదెలు గేటు పట్టుకుని నిలబడిపోయాడు. రూము అని పేరే గానీ, అది సెల్లార్‌లో ప్రతి కారుకూ గీత గీసి చోటిచ్చాక మెట్ల కింద మిగిలిన మూల. అందులోనే పొయ్యి, అందులోనే పక్క, అందులోనే ఏడేళ్ల కూతురు సుష్మిత బడిసంచి. అది పోతే అమీర్‌పేటలో తల దాచుకోను చోటు లేదు, పిల్లకు బడీ లేదు.

తప్పంతా సుష్మితదే. సెల్లార్‌లో ఒక పిల్లర్‌కు చెవి ఆనించి, లోపల ఎవరో ఉన్నారని కనిపెట్టింది. తను వేలితో మూడుసార్లు కొడితే లోపలి నుంచి టక్, టక్ అని జవాబొస్తుందట. ముందు సందు చివర పూలమ్మే వాళ్ల పిల్లలొచ్చి విన్నారు. తర్వాత జిరాక్స్ షాపు కవలలు. బడి వదలగానే పదిమంది పిల్లలు ఆ సిమెంటుకు చెవులు అంటించి ఊపిరి బిగబట్టేవాళ్లు. టక్ మనగానే మొహాలు వెలిగిపోయేవి. ఆదివారం మోగకపోతే, "ఇయ్యాల పండుకున్నడు, లొల్లి చెయ్యకుండ్రి," అని సుష్మిత అందర్నీ తరిమేది.

పిల్లలు విన్నన్నాళ్లూ అది ఆట. చదువుకున్నవాళ్లు విన్నాక దయ్యమైంది. మొదటి అంతస్తులో జావా నేర్చుకుంటున్న ఒకమ్మాయి చెవి పెట్టి, కళ్లు తిరిగి పడింది. వారంలో రెండు బ్యాచీలు ఎదురు బిల్డింగుకు మారిపోయాయి. పాలమూరు కూలీలను పెట్టి ఐదంతస్తులు ఎనిమిది నెలల్లో లేపారు, ఏ దిష్టీ తియ్యలేదు, అందుకే ఇలా అయిందని ఒకరన్నారు. ఇన్‌స్టిట్యూట్ నడిపే హనుమత్ప్రసాద్ తానూ ఖాళీ చేస్తానని ఓనరుకు ఫోన్ చేశాడు. అంతే, పొద్దున్నే బంజారాహిల్స్ నుంచి కారొచ్చింది.

వచ్చినా రోడ్డు మీదే ఆగింది. ఎప్పుడూ అంతే. ఓదెలు పనిలో చేరిన నాలుగేళ్లలో అచ్యుతరావు సెల్లార్‌లో కాలు పెట్టింది లేదు. మోకాళ్ల నొప్పులంటారు.

ఓదెలుకు అసలు సంగతి తెలుసు. ల్యాబ్ ఏసీల నుంచి కారే నీళ్ల కోసం పైపు దించి, పిల్లర్‌తో కలిపి పూత పూసేశారు. ఏసీ నడిస్తే చుక్కలు పడి టక్ మంటుంది, ఆపితే చప్పుడుండదు. కూతురికి మాత్రం చెప్పలేదు. భార్య చంద్రమ్మ పొద్దున ఏడింటికి ఇళ్లల్లో అంట్లు తోమను పోతే మళ్లీ చీకటి పడ్డాకే. పిల్లకు ఒక దోస్తు ఉంటే ఉండనీ అనుకున్నాడు. ఇప్పుడిక చెప్పక తప్పదు.

"సార్, జర ఒక్క నిమిషం లోపలికి రాండ్రి. దయ్యం లేదు, ఏం లేదు. నేను చూపిస్త."

"నాకేం చూపించక్కర్లేదు. ముందు నీ కూతుర్ని పిలువు."

సుష్మిత వచ్చింది. రెండు జడలు, ఒకదానికి రిబ్బను లేదు. కారు అద్దంలో తన మొహం చూసుకుని నవ్వింది.

"ఏంటమ్మా, లోపల ఎవరున్నారని చెబుతున్నావ్ అందరికీ?"

"నా దోస్తు."

"పెద్దవాడా?"

"కాదు. నా అంతనే ఉంటడు."

అచ్యుతరావు కారు తలుపు తెరిచాడు. ఒక కాలు కింద పెట్టి అడిగాడు.

"ఏమంటాడు?"

సుష్మిత తండ్రి వైపు ఒకసారి చూసింది. "అమ్మ ఏడికి పోయిందని అడుగుతడు సార్. రోజూ గదే అడుగుతడు."

ఓదెలు కారు దగ్గరికి ఒక అడుగు వేశాడు. అది రోజూ సుష్మిత తనను అడిగే మాట. చిన్నపిల్ల సార్, తన మాటలే దానికి పెట్టి ఆడుకుంటుందని చెప్పబోయాడు. వినడానికి ఓనరు అక్కడ లేడు. గేటు తోసుకుని, ర్యాంపు మీదుగా గబగబా సెల్లార్‌లోకి దిగిపోతున్నాడు. ఆ మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో.

ఓదెలు కూతురి చెయ్యి పట్టుకుని వెంట పరుగెత్తాడు.

అచ్యుతరావు నీళ్ల సంపు పక్కన, ఒక పిల్లర్ ముందు కూలబడి ఉన్నాడు. తెల్లచొక్కా వీపంతా తడిసిపోయింది. రెండు అరచేతులూ సిమెంటు మీద ఆనించి, నుదురు కూడా దానికే ఆనించాడు. పసివాడిని జోకొట్టే గొంతుతో, మెల్లగా మాట్లాడుతున్నాడు.

"మీ అమ్మని ఆ రోజే పాలమూరు బస్సెక్కించేశాం రా. నువ్వు తప్పిపోయావని చెప్పాం. ఇంక అడక్కు నాయనా, ఇంక అడక్కు."

ఓదెలు ఉన్నచోటే ఆగిపోయాడు. కూతురి చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. పైన జావా క్లాసు మొదలైనట్టుంది, ఏసీలు గుర్రుమన్నాయి.

సుష్మిత అతని చెయ్యి విడిపించుకుని, ర్యాంపు పక్కనున్న పిల్లర్ దగ్గరికి వెళ్లి, చెవి ఆనించి, ఓనరును పిలిచింది.

"గా పిల్లర్ కాదు సార్. మోగేది గిది."